ఆరు గుండ్ల దరఖాస్తు

పేష్కార్ అబ్దుల్ గనీ తన ఇరవై ఎనిమిదేళ్ల నౌకరీలో ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు, ఎవరి దగ్గరా కోడిపిల్లనైనా పుచ్చుకోలేదు. దరఖాస్తులు మాత్రం వాపసు చేశాడు. తాలూకా కచ్చేరీలో తహసీల్దారు ముందుకు పోవడానికి ఆయన బల్ల దాకా వచ్చిన కాగితంలో ఒక్క ఖానా ఖాళీగా ఉన్నా ఆయన ప్రాణం ఊరుకునేది కాదు. వాగు పొంగి పొలం కొట్టుకుపోయిందని ఒక రైతు మొరపెట్టుకుంటే, ఎంత లోతు నీరు వచ్చిందన్న ఖానాలో "తెలియదు" అని ఉంటే, తెలుసుకొని రమ్మని ఎంతో మర్యాదగా తిప్పి పంపేవాడు. రైతు తెలుసుకొని వచ్చేసరికి నీరు ఇంకిపోయేది, తహసీల్దారు బదిలీ అయ్యేవాడు. అయినా గనీ సాబ్ చలించేవాడు కాదు. తెలియదనేది జవాబు కాదు, బద్ధకం అనేది ఆయన తన జీవితంలో కనిపెట్టిన ఏకైక సిద్ధాంతం. దాన్ని ఇతరుల మీద ప్రయోగించినంత కాలం అది చక్కగానే పనిచేసింది.

పంతొమ్మిది వందల యాభై ఒకటిలో పింఛను పుచ్చుకొని పోతిరెడ్డిపల్లిలోని సొంత ఇంట్లో కూర్చున్నాడు. మూడు గదుల పెంకుటిల్లు. ఒక పక్క సందు, ఇంకో పక్క కొమురయ్య ఇల్లు. మధ్యన రొమ్మెత్తు మట్టిగోడ. ఆ గోడ అడ్డు పెట్టడానికి కాక, మోచేతులు ఆనించి మాట్లాడుకోవడానికే కట్టారా అన్నట్టు దాని పైభాగం రెండు చోట్ల నున్నగా అరిగిపోయింది. కొమురయ్యకు ఆరెకరాల మెట్ట, రెండు ఎడ్లు, ఒక కొడుకు, కోడలు రాధమ్మ, ఒక మనవరాలు. గనీ సాబ్‌కు భార్య రహీమున్నీసా తప్ప ఎవరూ లేరు. ఆమె పల్లెలో పెరిగిన మనిషి. ఆ ఇంట్లో ఉర్దూ, తెలుగు రెండూ ఒకే కుండలో ఉడికేవి.

నలభై ఎనిమిదిలో నిజాం రాజ్యం మీద పోలీసు చర్య జరిగిన వారం, ఎక్కడి నుంచో మనుషులు వచ్చి ఈ సందులోని ముసల్మానుల ఇళ్లకు దారి అడిగారు. దారి ఎవరు చూపించారో ఎవరికీ తెలియదు. గనీ సాబ్ దంపతులు తొమ్మిది రోజులు కొమురయ్య కొట్టంలో జొన్న చొప్ప వెనక కూర్చున్నారు. కొమురయ్య రొట్టెలు తానే తెచ్చి ఇచ్చాడు. అడిగిన వాళ్లకు "వాళ్లు ఎప్పుడో పోయిండ్రు" అని చెప్పి ఎడ్లకు కుడితి పెట్టుకున్నాడు. పదో రోజున వాళ్లు తమ ఇంటికి తిరిగి వచ్చారు. ఆ తర్వాత కొమురయ్య ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు.

అదే వారం రహీమున్నీసా తమ్ముడు మజహర్, అక్క ఎలా ఉందో చూసి వస్తానని పటాన్‌చెరువు నుంచి నడిచి బయల్దేరాడు. బయల్దేరడం చూసినవాళ్లు ఉన్నారు. రావడం చూసినవాళ్లు లేరు. పాతికేళ్ల మనిషి, ఎడమ కాలు కొంచెం ఈడ్చి నడుస్తాడు, దూరం నుంచి చూసినా గుర్తు తప్పదు. ఐదేళ్లయినా ఆయన్ని చూశామన్నవాడు ఒక్కడూ దొరకలేదు. రహీమున్నీసా ఏడవడం రెండేళ్లకు మానేసింది. నిద్రపోవడం మాత్రం ఆ వారమే మానేసింది.

యాభై మూడు చలికాలంలో కాజీపల్లి దిక్కున ఎవరి ఇంట్లోనో దొంగలు పడ్డారన్న కబురు వచ్చింది. దొంగలు ఎత్తుకుపోయింది రెండు ఇత్తడి బిందెలు. రహీమున్నీసా మాత్రం ఆ బిందెల దగ్గర ఆగలేదు.

"ఏంజీ, ఇంట్ల ఒక పిస్తోలన్న తెచ్చి పెట్టుండ్రి. లేకుంటె నన్ను హైదరాబాద్‌ల మా అక్క దగ్గర దించి రాండ్రి. ఇగ నాతోని కాదు."

గనీ సాబ్ ఈ మాటను ఎత్తి పక్కన పెట్టలేకపోయాడు. ఆమె వెళితే తానూ వెళ్లాలి. తానూ వెళితే తాళం వేయాలి. ఆ సందులో ఇప్పటికి నాలుగు ఇళ్లకు తాళాలు పడ్డాయి. అన్నీ కొద్ది రోజుల కోసం వేసినవే. తాళాలు తుప్పు పట్టాయి గాని తెరిచినవాడు లేడు. తాను పుట్టిన ఇంటికి ఐదో తాళం వేయకుండా ఉండాలంటే ఒక పిస్తోలు కావాలని గనీ సాబ్ నిశ్చయించుకున్నాడు. నౌకరీలో ఉండగా ఇలాంటి నిశ్చయాలు చేసినవాళ్లను ఆయన జాలిగా చూసేవాడు.

దరఖాస్తులో ఆయుధం రకం, గొట్టం కొలత రాయాలి. అవి తెలియకుండా రాసే మనిషి కాడు కనుక, భార్యను టాంగాలో ఎక్కించుకొని సంగారెడ్డి బజారులోని సాదుల్లా మిస్త్రీ దగ్గరికి వెళ్లాడు. సాదుల్లా ఒకప్పుడు జాగీర్దార్ల తుపాకులు బాగుచేసినవాడు. ఇప్పుడు తాళాలు, పంపు స్టవ్వులు చేసుకుంటూ, మరమ్మతుకు వచ్చే ఒకటి రెండు తుపాకులను చుట్టాలను చూసుకున్నట్టు చూసుకుంటున్నాడు.

"ఎవరి కోసం సాబ్?" అన్నాడు మిస్త్రీ.

"ఇంటి కోసం."

"ఇల్లు కాలుస్తదా? పట్టుకునే మనిషెవరు?"

గనీ సాబ్ ఆలోచించాడు. "నేనే. నా పేరు మీదనే లైసెన్సు. కాని నాకు చూపు తక్కువ. చెవులు ఈమెవి మంచివి. ముందు లేచేది ఈమెనే."

"గట్లయితే చేయి ఈమెది చూడాలె."

రహీమున్నీసా బురఖాలోంచి కుడిచేయి బయటికి చాచింది. సాదుల్లా దాన్ని ముట్టుకోకుండా, గాజులమ్మేవాడు చూసినట్టు అటూ ఇటూ తిప్పమని చూశాడు. వేళ్ల కణుపులు వాచి ఉన్నాయి. లోపలికి వెళ్లి, మరమ్మతుకు వచ్చిన మూడింటిని ఒక చెక్క మీద పెట్టి తెచ్చాడు. మూడూ ఖాళీవేనని విప్పి చూపించాకే ఆమె ముందుకు జరిపాడు.

మొదటిది ఒక జాగీర్దారుది. గూట్లోంచి తీసిన ఇటుకలా ఉంది. దాన్ని ఎత్తడానికే ఆమెకు రెండు చేతులూ కావాల్సి వచ్చింది, గురి పెట్టడానికి ఇంకో రెండు కావాలి. "ఇది పేలితే ముందున్నోడు పడ్తడో లేదో గాని, కాల్చినామె మాత్రం తప్పకుండ పడ్తది," అని సాదుల్లా దాన్ని పక్కకు జరిపాడు.

రెండోది నల్లగా, సన్నగా, చూడముచ్చటగా ఉన్న ఆటోమేటిక్ పిస్తోలు. గనీ సాబ్‌కు అది నచ్చింది. అన్ని ఖానాలూ నింపిన కాగితంలా ఉంది. కాని కాల్చే ముందు దాని పైభాగాన్ని గట్టిగా వెనక్కి గుంజాలి. రహీమున్నీసా గుంజింది. అది కదలలేదు. పచ్చడి జాడీ మూత తీస్తున్నట్టు ఒడిలో పెట్టుకొని గుంజింది. అప్పుడూ కదలలేదు.

"పిస్తోలు తెలివైనది అమ్మా," అన్నాడు సాదుల్లా. "తెలివైనదానికి అలకలెక్కువ. గుండు అడ్డం పడితే ఊకుంటది. గప్పుడు కూసోని బతిమాలేటందుకు టైముండదు. గిది సూడుండ్రి."

మూడోది చిన్న గొట్టం రివాల్వరు. ఆరు గుండ్లు పట్టే చక్రం. దాని మెరుపు ఎప్పుడో పోయింది.

"ఇది మొద్దుది. ఒక గుండు పేలకపోతే ఇంకోపారి గుంజాలె, చక్రం తిరిగి ఇంకోటి ముందటికొస్తది. అంతే దాని తెలివి. భయంల ఉన్న మనిషికి మొద్దుదే మంచిది."

రహీమున్నీసా రెండు చేతులతో పట్టుకొని, రెండు చూపుడువేళ్లూ కలిపి ట్రిగ్గరు నొక్కింది. టక్కుమంది. మళ్లీ నొక్కింది. మళ్లీ టక్కుమంది. ఐదేళ్లలో మొదటిసారి తాను చెప్పినట్టు విన్న వస్తువును చూసినట్టు దాన్ని చూసింది.

"గోడలు ఏంటియి సాబ్?" అన్నాడు సాదుల్లా.

"మట్టివి."

"తలుపు?"

"మామిడి చెక్క. ఆవల కొమురయ్య వాకిలి. వాని మనవరాలు అక్కడనే ఆడుకుంటది."

సాదుల్లా గడ్డం గోక్కున్నాడు. "గట్లయితే పెద్ద గొట్టం మాట తలుసుకోవద్దు. గుండు తలుపులకెళ్లి ఆవలికి పోతది. చిన్నది గుడ పోతది, జోరు తక్కువ అంతే. మంచం మలుపుకోండ్రి. కాలిస్తే వంటింటి గోడకు తగలాలె. మల్ల ఒక్క మాట సాబ్, ముందుగాల తలుపుకు అడ్డకర్ర పెట్టుకోండ్రి. కుక్కను సాదుకోండ్రి. నేను తుపాకులు బాగుచేసెటోన్నే, నా ఇంట్ల మాత్రం కుక్కనే ఉన్నది."

అడ్డకర్ర అప్పటికే ఉంది. కుక్క మీద రహీమున్నీసాకు నమ్మకం లేదు. అది ఊరివాళ్లందరినీ ఎరిగి ఉంటుంది కనుక మొరగదని ఆమె వాదన.

ఇంటికి వచ్చి గనీ సాబ్ మంచం దిక్కు మార్చాడు. అందమైన పిస్తోలును కాదని, బలమైన పెద్ద గొట్టాన్ని కాదని, కొమురయ్య మనవరాలికి తగలకుండా ఉండేదాన్ని ఎంచుకున్నందుకు ఆయనకు లోలోపల తృప్తిగా ఉంది. ఆ సంగతి రాయడానికి దరఖాస్తులో ఖానా లేదు. లేని ఖానాలో రాయడం ఆయనకు చేతకాదు.

ఉన్న ఖానాలు పది. ఎనిమిది ఒక్క ఊపులో నిండాయి. తొమ్మిదోది, ఎవరి వలన ప్రాణభయం అని అడిగింది. గనీ సాబ్ కలం పట్టుకొని భార్యను అడిగాడు.

"ఎవరిని చూస్తే భయం నీకు?"

"ఎవరని చెప్పాలె? మజహర్ ఎవరికి కనవడ్డడో గా మనిషిని చూస్తె."

"ఆ మనిషెవరు?"

"ఎవరో తెలిస్తె ఒక్కనికే భయపడుదు. తెల్వదు కాబట్టి అందరికి భయపడుతున్న."

ఇంకెవరైనా అయితే అక్కడ తెలియదని రాసి ఊరుకునేవారు. దొంగలని రాసేవారు. కచ్చేరీలో ఉండగా తన దగ్గరికి వస్తే ఆ కాగితాన్ని ఏం చేసేవాడో గనీ సాబ్‌కు బాగా తెలుసు. చాలాసేపు కూర్చొని, ఇరవై ఎనిమిదేళ్లు సాధన చేసిన ముత్యాల్లాంటి దస్తూరితో "ఈ గ్రామస్థులు" అని రాశాడు. అది నిజమే. పూర్తి జవాబే.

పదోది, దరఖాస్తుదారు నడతకు సాక్షి ఎవరని అడిగింది. "కొమురయ్య, వల్ద్ మల్లయ్య, సేద్యగాడు, పొరుగు ఇల్లు" అని కలం ఆపకుండా రాశాడు. ఒక ఖానాలో ఉన్నవాడు పక్క ఖానాలోకి తొంగి చూస్తాడని ఆయనకు తట్టలేదు. కచ్చేరీలో అలాంటిది ఎన్నడూ జరగలేదు. సాయంత్రం గోడ దగ్గర కొమురయ్యకు చెప్పాడు కూడా.

"కొమురయ్యా, పిస్తోలు లైసెన్సుకు అర్జీ పెడుతున్న. నా నడత మంచిదని నీ పేరు రాసిన."

"రాస్కో సాబ్. గింతదానికి అడుగుతవా? నీ నడత మంచిది గాకుంటె నా ఎడ్ల నడత మంచిదా?" అని కొమురయ్య నవ్వాడు.

దరఖాస్తు జిల్లా కచ్చేరీకి వెళ్లి, విచారణ కోసం దిగుతూ దిగుతూ పోలీసు పటేలు మొగులయ్య చేతికి వచ్చింది. విచారణ అంటే చావడిలో పదిమంది ముందు కాగితం చదివి, ఔననో కాదనో అనిపించి, వేలిముద్రలు వేయించడం. అది ఆ ప్రాంతంలో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. గనీ సాబ్‌కు అది తెలియకపోలేదు. ఇలా విచారణ అయి వచ్చిన కాగితాలు వేలకు వేలు చూశాడు. కాగితం చావడిలో ఉన్నప్పుడు ఎలా ఉంటుందో మాత్రం ఏనాడూ చూడలేదు.

పొద్దున పదింటికి చావడిలో ఇరవై మంది కూర్చున్నారు. మొగులయ్య ఉర్దూ కాగితాన్ని చూస్తూ తెలుగులో చెప్పుకుంటూ పోయాడు. పేరు, తండ్రి పేరు, వయసు. చిన్న గొట్టం రివాల్వరు, ఆరు గుండ్లది. జనం తలలాడించారు. తొమ్మిదోదానికి వచ్చి మొగులయ్య గొంతు కొంచెం తగ్గింది. అయినా సర్కారు కాగితం కనుక చదివాడు.

"ఎవరితోని ప్రాణభయం. ఈ ఊరోళ్లతోని."

మూల నుంచి పోచయ్య అనే గొల్లాయన, గొర్రెలను లెక్కపెట్టే గొంతుతోనే, చాలా మెల్లగా అన్నాడు.

"గనీ సాబ్, ఊర్ల మూడొందల మందిమున్నం. ఆరు గుండ్లు సరిపోతయా? ఇంకొన్ని రాయించుకోకపోయినవ్."

ఒకరిద్దరు నవ్వబోయి, కొమురయ్య ముఖం చూసి మానుకున్నారు. మొగులయ్య తొందరతొందరగా పదోది చదివాడు. "నడతకు సాక్షి, కొమురయ్య, తండ్రి మల్లయ్య."

కొమురయ్య లేచి నిలబడ్డాడు. తలపాగా విప్పి దులిపి మళ్లీ చుట్టుకున్నాడు. "పటేలా, ఒక్క మాటడుగుత. ఊరోళ్లు అంటె, నేను గుడ అందుల ఉన్ననా? లేకుంటె నేను గీ కిందిదాంట్లనే ఉన్ననా?"

మొగులయ్య కాగితాన్ని చూశాడు, కాగితం ఏమీ చెప్పలేదు. గనీ సాబ్ నిలబడ్డాడు. ఇరవై ఎనిమిదేళ్లు ఎదుటివాళ్లు తన ముందు ఎలా నిలబడ్డారో అలాగే నిలబడ్డాడు.

"కొమురయ్యా, అది ఖానా. ఖాళీగ పెట్టరాదు. మా ఆమె మనసుల ఏముందో అడిగి..."

"రాసింది నువ్వే గద సాబ్."

"రాసింది నేనే."

"తెల్వదని రాస్తె కాకపోయెడిదా?"

ఆ ప్రశ్నకు జవాబు గనీ సాబ్ దగ్గర సిద్ధంగా ఉంది. జీవితమంతా సిద్ధంగానే ఉంది. దాన్ని కొమురయ్య ముందు పెట్టడానికి నోరు రాలేదు.

కొమురయ్య పటేలు దగ్గరికి వెళ్లి, బొటనవేలు సిరాలో అద్ది, కాగితం మీద నిదానంగా ఆనించాడు. "నడత మంచిదే. రాస్కో పటేలా. ఆయన నడత మంచిదే." వేలు తలపాగా కొనకు తుడుచుకొని, చేనులో పని ఉందని వెళ్లిపోయాడు. పొరుగువాడి సాక్ష్యం అంత గట్టిగా ఉన్నందువల్లనే లైసెన్సు సులువుగా వచ్చిందని తర్వాత కచ్చేరీలో పాత స్నేహితులు గనీ సాబ్‌ను అభినందించారు.

ఎండాకాలం పోయి వానలు మొదలయ్యాక రివాల్వరు ఇంటికి వచ్చింది. ఠాణాలో చూపించి నంబరు రాయించి, రహీమున్నీసా తలాపున రేకు పెట్టెలో పెట్టారు. సాదుల్లా ఎంపికలో ఏ లోపమూ లేదు. ఆమె చేతికి అది అమిరింది, బరువు సరిపోయింది, కణుపులు నొప్పి పెట్టలేదు. మొదటి రోజునే ఆమె ఒక్క నిద్రలో తెల్లవార్చింది. వారం తిరిగేసరికి ముఖంలో కొంచెం రక్తం కనిపించింది. అక్క ఇంటి మాట మళ్లీ ఎత్తలేదు. ఐదో తాళం పడలేదు. గనీ సాబ్ అనుకున్నదంతా అనుకున్నట్టే జరిగింది. అది ఎవరినీ కాల్చలేదు, కాల్చే అవసరమూ రాలేదు.

కొమురయ్య మాటలు మానలేదు. మానేస్తే బాగుండునని గనీ సాబ్‌కు చాలాసార్లు అనిపించింది. సలాం చేస్తే సలాం చేశాడు. వానలు ఎట్లున్నాయంటే ఉన్నాయన్నాడు. గోడకు మాత్రం మోచేతులు ఆనించలేదు. ఆ గోడ మీంచి వచ్చే మజ్జిగ చెంబును ఇప్పుడు రాధమ్మ వీధి గుమ్మం దాకా తిరిగి వచ్చి, మూత పెట్టి, కింద ఉంచి, "ఇక్కడ పెట్టిన సాబ్" అని వెనక్కి వెళ్లేది. మనవరాలు వాకిట్లో ఆడుకోవడం మానేసి ఇంటి అవతలి పక్కకు మారింది. ఎవరు మార్చారో గనీ సాబ్ అడగలేదు. అక్కడ గోడ లేదు, తలుపు లేదు, అది ఏ గొట్టానికీ అందని చోటు.

దసరా వచ్చింది. పొద్దు వాలే వేళ గనీ సాబ్ లోపలి గదిలో కుర్చీలో ఉన్నాడు, రహీమున్నీసా బియ్యం ఏరుతోంది. వీధిలోంచి గట్టిగా పిలుపు వినిపించింది.

"సాబ్, నేను కొమురయ్యను. జమ్మి తెచ్చిన. ఒక్కన్నే ఉన్న. రావచ్చునా?"

ముప్పై ఏళ్లలో కొమురయ్య ఆ ఇంట్లోకి రావడానికి దగ్గి కూడా ఎరగడు. తలుపు తోసుకొని వచ్చి, నీళ్ల కుండ దగ్గరికి తానే వెళ్లి, తాగి, అప్పుడు "ఏం సాబ్" అనేవాడు. గనీ సాబ్ లేచి, అడ్డకర్ర తీసి, తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచాడు.

కొమురయ్య అరుగు కిందనే నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో జమ్మి ఆకులు, రెండో చెయ్యి ఖాళీగా, కనబడేటట్టు పక్కకు చాచి పెట్టుకున్నాడు.

"లోపలికి రా కొమురయ్యా."

"వద్దు సాబ్. ఇంక నాలుగిండ్లు తిరగాలె." ఆకులు గనీ సాబ్ చేతిలో పెట్టాడు. ఆ తర్వాత అలాయి బలాయి ఇచ్చుకోవాలి. కొమురయ్య చేతులు చాచబోయి ఆగాడు. అడగడానికి సిగ్గుపడుతున్నట్టు, చాలా మెల్లగా అడిగాడు.

"సాబ్, అది నీ మీద ఉన్నదా?"

"లేదు," అన్నాడు గనీ సాబ్. "లోపలున్నది. పెట్టెల."

"మంచిది," అని కొమురయ్య ఆయన్ని మూడుసార్లు, కుడికి ఎడమకి కుడికి, పద్ధతి ప్రకారం కౌగిలించుకున్నాడు. ఒక్కసారి కూడా తక్కువ చేయలేదు. తర్వాత వెళ్లిపోతూ, సందులోకి తిరిగేముందు మళ్లీ చెప్పాడు. "పోతున్న సాబ్. తలుపు పెట్టుకోండ్రి."

గనీ సాబ్ తలుపు వేసి వచ్చాడు. రహీమున్నీసా బియ్యంలోంచి ఒక రాయి తీసి పక్కన వేసింది. ఆమె ముఖం ప్రశాంతంగా ఉంది.

"ఇప్పుడు ఎవరొచ్చినా ముందుగాల పేరు చెప్తున్నరు, విన్నరా?" అంది. "పాలాయన చెప్తుండు. రాధమ్మ చెప్తుంది. గిట్ల ఎన్నడో జెయ్యవలసుండె మనం. ఎవరొచ్చిండ్రో తెలుస్తుంటె మనసుకు ఎంత నిమ్మళమో."

ఆమె చెప్పింది నిజమే. పూర్తి జవాబే. గనీ సాబ్ చేతిలోని ఆకులు ఎక్కడ పెట్టాలో తెలియక, వాటితోనే మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. సందులోంచి కొమురయ్య గొంతు ఇంకో ఇంటి ముందు వినిపించింది. అక్కడ ఆయన తన పేరు చెప్పుకోలేదు. నవ్వుతూ లోపలికి వెళ్లాడు.